చెక్ ఇంజన్ దీపం - దాని భాష

జ్వరం వచ్చినదని జ్వరమాని చెప్పగలదే గాని, ఎందువల్ల వచ్చినదో చెప్పలేదు. నేటి కార్లలో స్టీరింగు వెనుక వెలిగే పసుపుపచ్చని 'చెక్ ఇంజన్' దీపం కూడ అట్టిదే. దానిని చూచి బెంబేలెత్తేవారు కొందరు, నెలల తరబడి పట్టించుకొనని వారు మరికొందరు. మన విద్యార్థులలో పలువురి తండ్రులకు, అన్నలకు కారే జీవనాధారం. బండి ఒక దినం షెడ్డులో నిలిచినచో ఆనాటి సంపాదన పోయినట్లే. కావున ఈ దీపం గురించి కొంత వివరంగా ముచ్చటించదలచాము.

దీని పుట్టుకకు ఇంజన్ క్షేమం కంటె గాలి శుభ్రతయే ముఖ్య కారణం. వాహనాల పొగతో విసిగిన కాలిఫోర్నియా రాష్ట్రం 1988 నమూనా కార్లనుండి ఇట్టి ఏర్పాటును నిర్బంధం చేసినది. 'ఓబీడీ-2' అనే మెరుగైన పద్ధతి 1996 నమూనానుండి అమెరికా అంతటా తప్పనిసరి అయినది. మన దేశానికి అది 2013లో వచ్చినది. ఇంజన్‌ను నడిపే కంప్యూటరు, లోనికి పోయే గాలిని, బయటకు వచ్చే పొగలోని ఆక్సిజన్‌ను, చక్రభ్రమణ వేగాన్ని సెన్సార్ల ద్వారా అనుక్షణం కొలుస్తూ ఉంటుంది. లెక్క తప్పినపుడు ఆ లోపాన్ని ఒక సంకేతంగా వ్రాసుకొంటుంది. పెక్కు లోపాలు వరుసగా రెండు ప్రయాణాలలో కనిపించిన పిదపనే దీపం వెలుగుతుంది.

దీపం నిలకడగా వెలుగుచున్నచో, బండి నడకలో మార్పు లేనిచో, నెమ్మదిగా ఇల్లు చేరవచ్చును. మినుకు మినుకుమని కొట్టుకొనుచున్నచో మాత్రం వెంటనే వేగం తగ్గించి, వీలైనంత త్వరగా ప్రక్కకు ఆపవలెను. ఏదో ఒక సిలిండరులో పెట్రోలు మండక సైలెన్సరు గొట్టంలోనికి పోయి, అక్కడి కెటలిటిక్ కన్వర్టరులో మండుతున్నదని దాని అర్థం. ఆ వేడికి కన్వర్టరు లోపలి పింగాణీ జల్లెడ కరగిపోగలదు. కొద్ది ఖర్చుతో పోవలసిన లోపం వేలకు వేలు మింగేది ఇక్కడనే. ఎర్రని ఆయిలు దీపం, ఉష్ణోగ్రత దీపం వేరు. అవి వెలిగినచో ఇంజన్‌ను తక్షణం ఆపివేయవలసినదే.

పెట్రోలు ట్యాంకు మూత బిగించి చూడుమని అమెరికా పుస్తకాలు మొదటి సలహాగా చెప్పును. అక్కడి కార్లు ట్యాంకులోని ఆవిరి కారుదలను పరీక్షించుకొంటవి గనుక అది అక్కడ సబబే. ఐరోపా పద్ధతిని అనుసరించే మన కార్లలో ఈ కారణం అరుదు.

సంకేతాన్ని చదువుటకు స్టీరింగు క్రింద పదహారు పిన్నుల సాకెట్టు ఉంటుంది. అందులో పెట్టే చిన్న రీడరు కొన్ని వందల రూపాయలకే దొరకుచున్నది. సెల్‌ఫోను దాని తెర. కనిపించిన సంకేతాన్ని, దానితోబాటు నమోదైన వేగం, ఇంజన్ వేడి మొదలగు అంకెలను ముందుగా కాగితంపై వ్రాసుకొనవలెను. చెరిపివేసినచో ఆ సాక్ష్యం మరి దొరకదు.

ఉదాహరణకు పీ 0301 వచ్చినదనుకొందాము. ఒకటవ సిలిండరులో మంట తప్పుచున్నదని దాని భావం. కాయిల్ చెడినదా, ప్లగ్గు చెడినదా అన్నది అది చెప్పదు. ప్రతి ప్లగ్గుకు ప్రత్యేక కాయిల్ ఉన్న ఇంజన్‌లో దీనిని మనమే తేల్చవచ్చును. ఇంజన్ చల్లారిన పిదప, తాళం చెవి తీసి, ఒకటవ కాయిల్‌ను రెండవదాని స్థానంలోనికి, రెండవదానిని ఒకటవదాని స్థానంలోనికి మార్చవలెను. సంకేతం చెరిపి కొంత దూరం నడిపినపుడు పీ 0302 కనిపించినచో దోషం కాయిల్‌తోబాటు కదలినదన్నమాట. కాయిల్ మార్చిన చాలును. పీ 0301 గానే నిలిచినచో ప్లగ్గులను అట్లే తారుమారు చేయవలెను. అప్పటికిని కదలనిచో ఇంజెక్టరో, కంప్రెషనో కారణం కావచ్చును. అది మెకానిక్ పని. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఒక్కొక్క రాశిని మాత్రమే మార్చి చూచే పద్ధతికి దీనికి భేదం లేదు.

పీ 0171 అనగా మిశ్రమంలో గాలి ఎక్కువ, పెట్రోలు తక్కువ అయినదని. ఇంజన్ నడుచుచుండగా బుస వినిపించుచున్నదా, రబ్బరు గొట్టాలు పగిలినవా అని మొదట పరిశీలించవలెను.

పీ 0420 విషయంలో జాగ్రత్త మరింత అవసరం. మాకు తెలిసిన ఒక విద్యార్థి తండ్రి టాక్సీకి ఈ సంకేతం రాగానే, కన్వర్టరు మార్చవలసినదేనని ఒక షెడ్డులో చెప్పినారట. ఆ కుటుంబానికి అది రెండు నెలల ఫీజు, అద్దె కలిపినంత మొత్తం. పరిశీలింపగా సెన్సారుకు ముందున్న అతుకు వద్ద పొగ కారుచున్నది. కన్వర్టరుకు ముందొకటి, వెనుకొకటి ఆక్సిజన్ సెన్సార్లుంటవి. ముందుదాని కొలత ఊగిసలాడుచుండగా వెనుకది దాదాపు స్థిరంగా ఉండవలెను. అదియు ఊగినచో కన్వర్టరు పనిచేయుట లేదని కంప్యూటరు తలచును. బయటి గాలి సందులోనుండి చొరబడినను ఆ కొలతలు తప్పవచ్చును. అతుకు బిగించి, గాస్కెట్ మార్చగా దీపం ఆరినది.

సంకేతం చెరిపినంత మాత్రాన రోగం పోదు. చెరిపినపుడు కంప్యూటరు తన స్వీయ పరీక్షల ఫలితాలను కూడ మరచిపోవును. బ్యాటరీ తీగ విప్పినను సాధారణంగా అంతే. అవి తిరిగి పూర్తి అగుటకు కొన్ని దినాల నడక కావలెను. వాడిన కారు కొనువారు రీడరు పెట్టి చూచినపుడు పరీక్షలు పెక్కు అసంపూర్తిగా కనిపించినచో, ఇటీవలనే ఎవరో దీపం చెరిపియుండవచ్చునని అనుమానించి, మరికొన్ని దినాలు నడిపిన పిదపనే బేరం కుదుర్చుకొనుట మంచిది.