విద్యుత్ పనిలో చేరగోరు యువకునికి ట్రయలు దినము

మన సంఘ సభ్యుల కుటుంబములలో కమతములు తరము తరమునకు చిన్నవగుచున్నవి. ఇద్దఱు కుమారులున్నచోట ఒకడు సేద్యమును నిలుపుకొనుటయు, రెండవవాడు వేఱొక పని నేర్చుటయు నేడు సామాన్యమైనది. అట్లు పని నేర్వగోరువారిలో పలువురు ఎలక్ట్రీషియను పనివైపు చూచుచున్నారు. ఇండ్ల కట్టుబడియు, బోర్లును, మోటార్లును ఉన్నంతకాలము ఈ పనికి గిరాకి యుండును గనుక ఈ ఆలోచన మంచిదే.

ఈ పనిలో మొదటి మెట్టు హెల్పరు, అనగా పెద్ద పనివానికి చేదోడుగా నుండి పని నేర్చుకొనువాడు. హెల్పరును చేర్చుకొనుటకు ముందు మేస్త్రీగాని కాంట్రాక్టరుగాని వానిని ఒకటి రెండు దినములు తనవెంట త్రిప్పుకొని చూచును. దీనినే ట్రయలు అందురు. దీనికెట్లు సిద్ధపడవలెనో తెలియక చుఱుకైన పిల్లలు సైతము తిరిగివచ్చుచున్నారు. కావున ఆ సంగతులను ఇచ్చట వివరింపదలచితిమి.

తెగువ యోగ్యత కాదు

మేమెఱిగిన యొక రైతు కుమారుడు పట్టణమున నొక మేస్త్రీవద్దకు ట్రయలునకు వెళ్లెను. చెడిపోయిన స్విచ్చిని మార్చుమని మేస్త్రీ చెప్పెను. యువకుడు కొయ్యబల్ల యెక్కి, టెస్టరు నానించి, అది వెలుగలేదని తీగపై చేయి వేయబోయెను. మేస్త్రీ వాని మణికట్టు పట్టి ఆపి, మెయిన్ ఎవరు కట్టిరని అడిగెను. ఎవరును కట్టలేదు. ఎండిన కొయ్యపై నిలిచినవాని చేతిలో, అందులోను పట్టపగటి వెలుతురులో, టెస్టరులోని సన్నని మిణుకు కంటికి కనబడకపోవచ్చును. ఆ తీగలో విద్యుత్తు ఉండనే యున్నది.

యువకుడు వెఱవక, తమ యూర ట్రాన్స్‌ఫార్మరు ఫ్యూజులన్నియు తానే వేయుదునని చెప్పుకొనెను. మేస్త్రీ ఆ మాట విన్న వెంటనే వానిని పంపివేసెను. అన్యాయమని తండ్రి బాధపడెను. మాకు మాత్రము మేస్త్రీ చేసినదే సరియని తోచినది. హెల్పరు తెలియకచేసిన పొరపాటున వాని ప్రాణమేకాక తోటి పనివాని ప్రాణమును పోవచ్చును. తెలియనివానికి నేర్పవచ్చును, భయము లేనివానికి నేర్పుట కష్టము.

మన పిల్లలు ఈ అలవాటును పొలములోనే నేర్చుచున్నారు. నీరు పాఱుచుండగా ఫ్యూజు పోయినచో లైన్‌మన్ వచ్చువఱకు ఆగలేక మనమే ఏ.బి. స్విచ్చి లాగి చేయి పెట్టుచున్నాము. ఆ స్విచ్చిలోని మూడు కత్తులలో నొకటి తుప్పుపట్టి విడివడకున్నను, క్రిందనుండి చూచువానికి తెలియదు. విడివడని ఆ ఒక్క కత్తివలన పైనున్న 11,000 వోల్టుల లైను ట్రాన్స్‌ఫార్మరుతో కలిసియే యుండును. ఇట్లు పోయిన ప్రాణములు ఎన్ని యూళ్లలో లేవు? కావున ట్రయలునకు పోవు యువకుడు మొట్టమొదట చేయవలసినది క్రొత్త విద్య నేర్చుట కాదు, ఈ పాత అలవాటును మానుట.

ఎంత విద్యుత్తు ప్రాణము తీయును

వోల్టులు ఎక్కువైననే ప్రమాదమని పలువురు తలంతురు. ఇంటికి వచ్చు 230 వోల్టులును చాలును. దేహములో పాఱు విద్యుత్తును మిల్లీ ఆంపియర్లలో లెక్కింతురు. వేయి మిల్లీ ఆంపియర్లు ఒక ఆంపియరు. సుమారు 10 మిల్లీ ఆంపియర్లకే చేతి కండరములు బిగిసి, పట్టుకొన్న తీగను వదలలేకపోవచ్చును. 30 దాటినచో ఊపిరికిని గుండెకును అపాయము. అందువలననే ఇండ్లలో బిగించు ఆర్.సి.సి.బి. యను రక్షణ స్విచ్చి 30 మిల్లీ ఆంపియర్లు భూమిలోనికి కాఱినచో క్షణకాలములో విద్యుత్తును తెంచివేయునట్లు చేయబడినది. 10 వాట్ల చిన్న ఎల్.ఇ.డి. బల్బు వెలుగుటకే 40 మిల్లీ ఆంపియర్లకు పైగా పట్టును. అనగా మనము లెక్కచేయని ఆ చిన్న దీపమునకు పాఱు విద్యుత్తు గుండెమీదుగా పాఱినచో మనిషిని చంపుటకు చాలును. ఈ యొక్క లెక్కను యువకుడు మనసున నిలుపుకొనిన యెడల వాని చేయి తనంతట తానే ఆగును.

చేయి పెట్టుటకు ముందు

ఏ పనియైనను ఈ వరుసను తప్పరాదు.

మొదటిది, ఏ స్విచ్చి ఆ తీగకు విద్యుత్తు నిచ్చుచున్నదో కనుగొని దానిని కట్టవలెను. రెండవది, ఇంకొకరు మరల వేయకుండ ఫ్యూజును ఊడదీసి జేబులో నుంచుకొనవలెను, ఎం.సి.బి. యైనచో తాళము వేయవలెను, లేదా మనిషిని కాపు పెట్టవలెను. మూడవది, పని జరుగుచున్నదని పలక వ్రేలాడదీయవలెను. నాల్గవది, విద్యుత్తు లేదని పరీక్షించి రూఢి చేసికొనవలెను. ఇన్వర్టరునుండిగాని జనరేటరునుండిగాని వెనుకదారిని విద్యుత్తు వచ్చుచున్నదేమో అదియు చూడవలెను.

ఈ నాల్గవదానిలో నొక రహస్యము కలదు. పరీక్షించు దీపమునుగాని మీటరునుగాని ముందు విద్యుత్తు ఉన్నదని తెలిసిన చోట ఆనించి, అది పనిచేయుచున్నదని చూడవలెను. తరువాత మనము పని చేయవలసిన తీగపై ఆనింపవలెను. పిమ్మట మరల మొదటిచోట ఆనించి చూడవలెను. నడుమ పరికరము చెడిపోయి యుండినచో ఈ మూడవసారి బయటపడును. ట్రయలులో ఈ పని చెప్పించుకొనకయే చేసిన యువకుని మేస్త్రీ తప్పక గమనించును.

మోటారు స్టార్టరు దగ్గఱ నింకొక జాగ్రత్త వలయును. అచ్చట కెపాసిటరు బిగింపబడియుండినచో, మెయిన్ కట్టిన తరువాతను అందులో కొంతసేపు విద్యుత్తు నిలిచియుండును. అది విడుదలయగు వఱకు తాకరాదు.

ముందుగా తెలిసికొనవలసిన పాఠములు

హెల్పరునుండి ఎవరును గొప్ప శాస్త్రజ్ఞానము నాశింపరు. ఈ కొద్దిపాటి సంగతులు తెలిసినచో చాలును.

మన ప్రాంతపు ఇంటి వైరింగులో వాడుకగా ఎఱుపు తీగ ఫేజు, నలుపు న్యూట్రలు, ఆకుపచ్చ ఎర్తు. మూడు ఫేజులున్నచోట ఎఱుపు, పసుపు, నీలము. అయితే పాత ఇండ్లలో రంగు చూచి నమ్మరాదు, పరీక్షించియే నమ్మవలెను. స్విచ్చి ఎల్లప్పుడు ఫేజు తీగలో నుండవలెను. న్యూట్రలులో నుంచినచో దీపము ఆఱును గాని, హోల్డరులో విద్యుత్తు మిగిలియుండి బల్బు మార్చువానిని కొట్టును. మూడు కన్నముల సాకెట్టును ఎదుటనుండి చూచునపుడు పెద్ద కన్నము పైన ఎర్తు, కుడివైపున ఫేజు, ఎడమవైపున న్యూట్రలు.

లెక్కలలో ఒక్కటి వచ్చిన చాలును: వోల్టులను ఆంపియర్లతో గుణించినచో వాట్లు వచ్చును. 1,000 వాట్ల నీళ్ల హీటరు 230 వోల్టులపై సుమారు నాలుగున్నర ఆంపియర్లు తీసికొనును. వేయి వాట్లు ఒక గంట కాలినచో ఒక యూనిట్టు. ఒక హార్స్ పవరు 746 వాట్లు. తీగ మందమును చదరపు మిల్లీమీటర్లలో చెప్పుదురు. దీపములకు సామాన్యముగా 1 లేదా 1.5, పెద్ద సాకెట్లకు 2.5 లేదా 4 వాడుదురు.

ఇంటిలోనే అభ్యాసము చేయుటకు మంచి సాధనము మన మోటారుపై నున్న రేకు. దానిపై హార్స్ పవరు, వోల్టులు, ఆంపియర్లు, నిమిషమునకు తిరుగు చుట్లు చెక్కియుండును. యువకుడు దానిని చదివి ప్రతి అంకెకు అర్థము చెప్పగలిగినచో సగము సిద్ధపడినట్లే. తీగ ముక్కలు కొన్ని కొని, రాగిపై గాటు పడకుండ పైతొడుగు తీయుటయు, పోగులు బయటికి రాకుండ స్క్రూ క్రింద బిగించుటయు పది దినములు అభ్యసింపవలెను. వదులుగా నున్న కీలు వేడెక్కి, తొడుగు కరిగి, ఇల్లు తగులబడుటకు కారణమగును.

ఆ దినమున

నూలుబట్టలు, మూసియుండు రబ్బరు అడుగు బూట్లు ధరింపవలెను. ఉంగరము, కడియము, మెడగొలుసు, లోహపు గడియారము ఇంటనే విడువవలెను. కటింగు ప్లేరు, రెండు స్క్రూడ్రైవర్లు, టెస్టరు, టేపు చుట్ట, కొలత టేపు, పెన్సిలు, చిన్న పుస్తకము చాలును. క్రొత్త పరికరములకై అప్పు చేయనక్కఱలేదు. పిడికి పగులులేని పాత ప్లేరు పగిలిన క్రొత్తదానికంటె మేలు. చెప్పిన వేళకు పావుగంట ముందు చేరవలెను.

మొదటి దినమున హెల్పరునకు ఇచ్చు పనులు చిన్నవిగా కనబడును: గోడలో గాడి కొట్టుట, గొట్టములు పరచుట, వాటిలోనుండి తీగలు లాగుట, నిచ్చెన పట్టుట, చెత్త ఊడ్చుట. వీనిని చిన్నచూపు చూడరాదు. తీగ లాగునపుడు రెండవ కొసనున్నవాడు బలముతో గుంజినచో తొడుగు చిరుగును. చెప్పిన లయలో నెమ్మదిగా నందింపవలెను. నిచ్చెన కొయ్యది గాని వెదురుది గాని కావలెను. విద్యుత్తు దగ్గఱ ఇనుపదియు అల్యూమినియముదియు పనికిరావు. నాలుగడుగుల ఎత్తునకు ఒక అడుగు చొప్పున, అనగా పండ్రెండడుగుల ఎత్తునకు మూడడుగులు, నిచ్చెన కాలు గోడకు ఎడముగా నుండవలెను. పట్టుకొన్నవాడు పైనున్నవాడు దిగువఱకు చేయి వదలరాదు, ఫోను తీయరాదు.

తెలియనిదానిని తెలియదని చెప్పుట తప్పుకాదు. మేస్త్రీ చెప్పినదానిని ఒకసారి తిరిగి చెప్పి, అవునని అనిపించుకొని, తరువాతనే చేయవలెను. అడుగకుండ ఏ స్విచ్చినిగాని వేయరాదు, కట్టరాదు. సాయంకాలమున నేర్చినదానిని పుస్తకమున వ్రాసికొనవలెను. కూలి యెంత, ప్రమాదమునకు బీమా కలదా, పనిచేసిన కాలమునకు అనుభవ పత్రమిత్తురా యను మూడు ప్రశ్నలను యువకుడు వినయముతో అడుగవచ్చును. అడుగుట అమర్యాద కాదు.

షాకు తగిలినచో

తోటివానికి షాకు తగిలినచో పట్టుకొని లాగరాదు. మొదట మెయిన్ కట్టవలెను. కట్టుటకు వీలులేనిచో, ఇంటి తీగయైనప్పుడు మాత్రమే, ఎండిన కఱ్ఱతో తీగను నెట్టవలెను. 11,000 వోల్టుల లైనైనచో కఱ్ఱయు రక్షింపదు. దూరముననే నిలిచి 1912 నకు ఫోను చేసి లైను కట్టింపవలెను. పిమ్మట 108 ని పిలువవలెను. ఊపిరి ఆగియున్నచో ఱొమ్ము నడుమ రెండు చేతులతో, నిమిషమునకు 100 నుండి 120 సార్లు, సుమారు 5 సెంటీమీటర్లు దిగునట్లు, అంబులెన్సు వచ్చువఱకు నొక్కుచుండవలెను. దీనిని ట్రయలునకు ముందే ఆరోగ్య కేంద్రమున నేర్చుకొనుట మంచిది.

చట్టమును ముందుదారియు

2003 నాటి విద్యుత్ చట్టము క్రింద కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ చేసిన భద్రతా నిబంధనల ప్రకారము, బల్బులు ఫ్యూజులు మార్చుటవంటి చిన్న పనులు తప్ప వైరింగు పనిని లైసెన్సుగల కాంట్రాక్టరు ద్వారమున, అర్హతాపత్రము గలవాని పర్యవేక్షణలో, పర్మిట్టు గలవారే చేయవలెను. హెల్పరు వీరిచెంత నుండి నేర్చువాడు. తానొంటిగా పని ఒప్పుకొనరాదు. కాలక్రమమున పర్మిట్టు పొందుటయే వాని గమ్యము కావలెను. ఐ.టి.ఐ.లలో ఎలక్ట్రీషియను శిక్షణకు పదవ తరగతి, వైర్‌మన్ శిక్షణకు ఎనిమిదవ తరగతి చదివినవారు అర్హులు. రెండును రెండేండ్ల చదువులు. ట్రయలులో నెగ్గినవాడు సైతము ఈ చదువును విడువరాదని మా సలహా.

తండ్రులకు ఒక మాట

కుమారుని ట్రయలునకు పంపదలచిన సభ్యుడు తన పొలముననే కొంత సిద్ధము చేయవచ్చును. ఫ్యూజు పోయినపుడు పిల్లవానిని స్తంభము దగ్గఱకు పంపకుము. లైన్‌మన్ వచ్చువఱకు ఒక పూట నీరు ఆగినను పంట నిలుచును. ఫ్యూజు తీగకు బదులు ఇనుప తీగ చుట్టకుము. ప్రమాదవేళ తెగవలసినది అది తెగదు. బోరునుండి ఇనుప గొట్టములు పైకి లాగునపుడు తలమీద లైను కలదేమో చూచి, ఉన్నచో కట్టించిన తరువాతనే లాగుము. ఈ జాగ్రత్తలను తండ్రి పాటించుట చూచిన పిల్లవానికి, మేస్త్రీ ఎదుట నెట్లు మెలగవలెనో వేఱుగా చెప్పనక్కఱలేదు.

ట్రయలు ముగించుకొని ఇల్లు చేరిన కుమారుని ఎంత కూలి వచ్చెనని ముందుగా అడుగకుము. ఏ తీగను తాకుటకు ముందు ఏమి చేసితివని అడుగుము. వాడు వరుస తప్పక చెప్పగలిగినచో, ఈ మేస్త్రీ చేర్చుకొనకున్నను ఇంకొకరు చేర్చుకొందురు.