గాలిలోని ఉమ్మడి సొత్తు

రేడియో తరంగములను పట్టీలుగా విభజించి, ఒక్కొక్క పట్టీని ఒక్కొక్క సంస్థకు అప్పగించి, ఇతరులు దాని జోలికి పోరాదని శాసించుట ప్రభుత్వములకు చిరకాలాభ్యాసమై యుండగా, 1985వ సంవత్సరమున అమెరికాలోని ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్, పారిశ్రామిక, వైజ్ఞానిక, వైద్య పరికరములకై విడిచిన కొన్ని పట్టీలలో, నియమిత శక్తికి లోబడి, లైసెన్సు లేకయే ఎవరైనను ప్రసారము చేసికొనవచ్చునని అనుమతించెను. నేడు మన యిండ్లలోని వైఫై, బ్లూటూత్ పరికరములు పంచుకొను 2.4 గిగాహెర్ట్జ్ పట్టీ వానిలో నొకటి.

అయితే ఉమ్మడి సొత్తును ఎవరికి వారు తమ లాభమునకే వాడుకొనినచో నేమగును? ఒకరి సంకేతము మరియొకరికి రొద. ఆ రొదను మించి వినబడుటకై రెండవవాడు శక్తిని పెంచును, దానికి మొదటివాడును పెంచును. పెండ్లిపందిరిలో బాజాల నడుమ మాటలాడువారు క్రమక్రమముగ గొంతు హెచ్చించినట్లు, తుదకు ఇరువురును గరిష్ఠశక్తికి చేరి, బ్యాటరీని వ్యయపరచుకొనుటయే గాని స్పష్టత నేమియు పొందజాలక నిలిచిపోవుదురు. ఈ పోటీని ఒక ఆటగా భావించినచో, ఏ ఆటగాడును తానొక్కడే పద్ధతి మార్చుకొని లాభపడజాలని యిట్టి స్థితినే గణితశాస్త్రజ్ఞుడు జాన్ నాష్ 1950లో సమతాస్థితిగా నిర్వచించెను. ఇరువురును కలిసి తగ్గించుకొనిన ఇరువురికిని మేలే. కాని ముందుగా తగ్గినవాడు మునుగును. ఎవ్వరియందును దోషము లేకయే ఎల్లరును నష్టపోవు ఈ స్థితి మిక్కిలి శోచనీయము.

దీనికి రట్గర్స్ విశ్వవిద్యాలయమునకు చెందిన గుడ్‌మన్, మందయంలు 2000లో సూచించిన ఉపాయము, వాడిన శక్తికి వెల కట్టుట. అది ధనముతో చెల్లించు వెల గాదు. ప్రతి యంత్రమును తన లాభమును గణించుకొనునపుడు తీసివేయవలసిన యొక సంఖ్య మాత్రమే. అంతమాత్రముననే అందరును శక్తిని తగ్గించి, అందరును మేలు పొందుదురు. కాని వెలను నిర్ణయించు పెద్దయే లేని చోట? ఎట్కిన్, పరేఖ్, త్సే అను శాస్త్రజ్ఞులు, ఆట ఒక్కనాటితో ముగియక నిత్యము సాగునపుడు, పట్టీని చెరిసగము పంచుకొనిన పొరుగువారిలో నొకడు హద్దు మీరినయెడల రెండవవాడును పట్టీయంతట వ్యాపించి శిక్షింపగలడనియు, ఆ భయమే అనేక సందర్భములలో ఒడంబడికను నిలుపుననియు చూపిరి. నాకీ మార్గము అధికతర రమ్యముగ తోచును.

అయినను శిక్షించుటకు అపరాధి పొరుగుననే నిలిచి యుండవలెను, గుర్తింపబడవలెను. క్షణక్షణము ఫోనులు వచ్చిపోవు రైల్వేస్టేషనులో ఆ శిక్ష నిరపరాధులకే తగులును. కావున అట్టి చోట్ల, ముందుగా ఆలకించుట, ఢీకొనినపుడు నిరీక్షణపు గడువును రెట్టింపు చేసికొనుట యను వైఫై మర్యాదలను తయారీనాడే యంత్రమునందు పొందుపరచి, వానిని తప్పించు యంత్రములను విపణికి రానీయకుండుట యావశ్యకము.