ఫ్యూజ్ పదేపదే పోతోందా? మోటార్‌సైకిల్ దీపాల్లో షార్ట్‌ను కనిపెట్టే తీరు

రాయ్‌పుర్ నుంచి దక్షిణంగా సాగే 30వ నంబరు జాతీయ రహదారి ధమ్తరి, కాంకేర్, కేశ్‌కాల్ ఘాట్, జగదల్‌పుర్ మీదుగా కోంటా దాటి తెలుగు నేలలో అడుగుపెడుతుంది. ఛత్తీస్‌గఢ్‌లో స్థిరపడిన తెలుగువారికి చిరపరిచితమైన దారి ఇది. అటువంటి దారిలో రాత్రివేళ మోటార్‌సైకిల్ దీపాలన్నీ ఒక్కసారిగా ఆరిపోతే ముందున్న మలుపు కనిపించదు. అంతకంటే పెద్ద ప్రమాదం, వెనుక వస్తున్న లారీ డ్రైవరుకు ఆ బండి కనిపించకపోవడం. ఇలా దీపాలన్నీ కలిసి ఆరిపోవడానికి తరచుగా కనిపించే కారణం షార్ట్ సర్క్యూట్. జూన్ మధ్యలో వర్షాలు మొదలయ్యేసరికి ఈ బెడద మరింత పెరుగుతుంది.

ముందుగా షార్ట్ అంటే ఏమిటో తెలుసుకోవాలి. మోటార్‌సైకిల్ బ్యాటరీ 12 వోల్టులది. దాని నెగటివ్ కొసను బండి ఇనుప ఫ్రేముకు కలుపుతారు. అంటే ఫ్రేమే తిరుగు తీగగా పనిచేస్తుంది. పాజిటివ్ కొస నుంచి బయలుదేరిన కరెంటు ఫ్యూజ్, స్విచ్, బల్బు దాటి ఫ్రేము ద్వారా బ్యాటరీకి చేరుతుంది. 35 వాట్ల హెడ్‌లైటు బల్బు సుమారు 3 ఆంపియర్లు మాత్రమే తీసుకుంటుంది. తీగ పైతొడుగు చిరిగి, లోపలి రాగి ఫ్రేముకు తగిలితే కరెంటుకు బల్బు దాకా వెళ్లే పని ఉండదు. అడ్డుదారి దొరుకుతుంది. ఆ దారి నిరోధం 0.1 ఓమ్ ఉన్నా లెక్క ప్రకారం 120 ఆంపియర్లు పరుగెత్తుతాయి. 10 లేదా 15 ఆంపియర్ల ఫ్యూజ్ క్షణంలో కరిగి సరఫరాను నిలిపివేసేది అందుకే.

ఇక్కడే ఒక దురలవాటు ప్రాణాంతకంగా మారుతుంది. పోయిన ఫ్యూజ్ స్థానంలో రాగి తీగ చుట్టడం, సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం పెట్టడం, ఎక్కువ ఆంపియర్ల ఫ్యూజ్ బిగించడం మనం తరచూ చూస్తుంటాం. అప్పుడు కరగవలసిన ఫ్యూజ్ బదులు వైరింగే కాలుతుంది. చాలా బళ్లలో ఆ వైరింగ్ వెళ్లేది పెట్రోలు ట్యాంకు కిందుగానే.

లోపాన్ని వెతికే ముందు ఫ్యూజ్ ఎప్పుడు పోతోందో గమనించాలి. సగం జవాబు అక్కడే దొరుకుతుంది. బ్రేకు తొక్కినప్పుడే పోతే బ్రేకు స్విచ్ నుంచి వెనుక దీపం దాకా ఉన్న తీగను అనుమానించాలి. ఎడమ ఇండికేటర్ వేసినప్పుడే పోతే ఆ వైపు తీగనే చూడాలి. హ్యాండిల్ తిప్పినప్పుడు పోతే స్టీరింగ్ మెడ దగ్గర వంగే తీగల కట్టలో లోపం ఉంటుంది. తాళం తిప్పగానే పోతే స్విచ్‌లకు ముందున్న ప్రధాన తీగను పరీక్షించాలి. 2017 ఏప్రిల్ 1 నుంచి కొత్త ద్విచక్ర వాహనాలలో ఇంజిన్ నడుస్తున్నంతసేపూ హెడ్‌లైటు వెలిగే ఏర్పాటు తప్పనిసరి అయింది. కాబట్టి ఈ బళ్లలో ఇంజిన్ స్టార్ట్ చేయగానే ఫ్యూజ్ పోతే హెడ్‌లైటు లైనును కూడా తప్పక చూడాలి.

ఒకే దీపం వెలగకపోయి, ఫ్యూజ్ బాగానే ఉంటే అది షార్ట్ కాదు. బల్బు పోయి ఉండవచ్చు, లేదా తీగ తెగి ఉండవచ్చు. పాత నమూనాలు కొన్నింటిలో హెడ్‌లైటుకు బ్యాటరీ నుంచి కాక నేరుగా ఇంజిన్ తిప్పే మాగ్నెటో నుంచి కరెంటు అందుతుంది. అక్కడ షార్ట్ అయితే బ్యాటరీ ఫ్యూజ్ పోదు. ఆ లైనుపై ఉన్న దీపాలు మసకబారుతాయి లేదా ఆరిపోతాయి.

అనుభవజ్ఞులైన మెకానిక్కులు కొత్త ఫ్యూజ్‌లను ఒకదాని తర్వాత ఒకటి తగలేయరు. పోయిన ఫ్యూజ్‌ను తీసి, దాని రెండు కొసల మధ్య 12 వోల్టుల, 21 వాట్ల బల్బును కలుపుతారు. షార్ట్ ఉంటే ఆ బల్బు పూర్తి కాంతితో వెలుగుతుంది. అయినా దాని గుండా 1.75 ఆంపియర్లకు మించి పారదు కనుక తీగలకు ముప్పు లేదు. తర్వాత హెడ్‌లైటు, హ్యాండిల్ స్విచ్‌లు, వెనుక దీపం, ఇండికేటర్ల కనెక్టర్లను ఒక్కొక్కటిగా ఊడదీస్తారు. ఏది ఊడదీసినప్పుడు పరీక్ష బల్బు ఆరిపోతుందో, లేదా కాంతి బాగా తగ్గిపోతుందో ఆ లైనులోనే లోపం ఉన్నట్లు. ఇంజెక్షన్ బళ్లలో ఇంజిన్‌ను నియంత్రించే కంప్యూటర్ ఉంటుంది. దానికి వెళ్లే తీగలపై ఈ ప్రయోగం చేయకూడదు. దీపాల ఫ్యూజ్ ఏదో వైరింగ్ పటంలో చూసుకుని దానికే పరిమితం కావాలి.

మల్టీమీటరుతో చూసేవారు ముందు బ్యాటరీ నెగటివ్ తీగను విప్పి, అనుమానిత లైనులోని బల్బులన్నీ తీసేయాలి. చల్లగా ఉన్న ఫిలమెంటు నిరోధం చాలా తక్కువ. బల్బు అలాగే ఉంటే మీటరు మోగి, లేని షార్ట్‌ను ఉన్నట్లు చూపుతుంది. ఆపై తీగకు, ఫ్రేముకు మధ్య మీటరు మోగితే అక్కడ షార్ట్ ఉన్నట్లే. ఎర్త్ తీగను మాత్రం పొరబడకూడదు. అది ఎప్పుడూ మోగుతుంది. హోండా, హీరో బళ్లలో సాధారణంగా అది ఆకుపచ్చ రంగులో ఉంటుంది.

లైను తెలిశాక కంటితో వెతకాలి. స్టీరింగ్ మెడ, సీటు కింద ఫ్రేము అంచులు, వెనుక మడ్‌గార్డు లోపలి భాగం, హెడ్‌లైటు డూము, బల్బు హోల్డరు ముఖ్యమైన చోట్లు. రాయ్‌పుర్ ఎండలకు, ఇంజిన్ వేడికి తీగల తొడుగు పెళుసెక్కుతుంది. వానాకాలంలో ఆ పగుళ్లలోకి నీరు చేరుతుంది. నిలిపి ఉంచిన బళ్లలో ఎలుకలు తీగలు కొరకడమూ మామూలే. తర్వాత బిగించిన అదనపు ఎల్‌ఈడీ దీపాల అతుకులను మొట్టమొదట అనుమానించాలి. వాటికి విడిగా రిలే, ఫ్యూజ్ ఉండాలి. తయారీదారు నిర్దేశించిన స్వరూపాన్ని మార్చడంపై మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఆంక్షలు ఉన్నాయన్నదీ మరువరాదు.

చిరిగిన చోట టేపు చుట్టి వదిలేస్తే మళ్లీ వానలకు ఊడిపోతుంది. దెబ్బతిన్న ముక్కను కోసి, కొత్త తీగను టంకం వేసి అతికి, వేడికి బిగుసుకునే తొడుగు తొడగాలి. తీగ ఒరుసుకోకుండా దారి మార్చి కట్టాలి. చివరగా కంపెనీ చెప్పిన ఆంపియర్ల ఫ్యూజే వేసి, హ్యాండిల్‌ను ఇరువైపులా పూర్తిగా తిప్పుతూ అన్ని దీపాలనూ పరీక్షించాలి. అదే రకం ఫ్యూజ్ మరొకటి బండిలోనే ఉంచుకోవాలి. అదీ వెంటనే పోతే రాత్రి ప్రయాణం ఆపి, బండిని రోడ్డు అంచుకు దూరంగా నిలపడమే క్షేమం.