చిట్టి రాకెట్లు: నిర్మాణమూ, మెరుగూ

దీపావళినాడు సీసాలో నిలిపి వెలిగించే తారాజువ్వను ఎరుగని తెలుగువారుండరు. మందు కూరిన గొట్టం కన్న దానికి కట్టిన పుల్ల ఎన్నో రెట్లు పొడవుంటుంది. ఆ పుల్ల విరిగిందంటే జువ్వ ఆకాశానికి పోవడం మాని, వీధిలో మెలికలు తిరుగుతూ ఎవరి అరుగు మీదికో, ఏ గడ్డివామి మీదికో దూసుకుపోతుంది. లోపం మందులో లేదు, గొట్టంలో లేదు. దారి నిలిపేది లేకపోవడంలో ఉంది. అమెరికాలోని హాబీ దుకాణాలలో అమ్మే మోడల్ రాకెట్టు కిట్లలో ఆ పుల్ల చేసే పనిని పలుచని కొయ్యరెక్కలు చేస్తాయి. ఈ కిట్లలో మిక్కిలి చిన్నవి, అరచేతిలో ఇమిడేవి, ఈ వ్యాసానికి విషయం. చిన్నవి కనుక సులువని పలువురు భావిస్తారు. నిజానికి పెద్ద రాకెట్టులో లెక్కకు రాని అర మిల్లీమీటరు వంకర, అర గ్రాము రంగు చిన్నదాని గమనాన్నే మార్చివేస్తాయి.

ఈ వినోదం పుట్టుక వెనుక ప్రాణభయం ఉంది. 1957 అక్టోబరు 4న సోవియట్ యూనియన్ స్పుత్నిక్‌ను కక్ష్యలో ప్రవేశపెట్టిన దరిమిలా అమెరికాలో ఊరూరా పిల్లలకు రాకెట్ల మీద మోజు కలిగింది. ఇనుప గొట్టాలలో అగ్గిపుల్లల తలలు, తోచిన రసాయనాలు కూరి నిప్పంటించేవారు. గొట్టం పేలితే ఇనుప తునకలు తూటాల వలె చిమ్మేవి. వేళ్లూ కళ్లూ పోగొట్టుకున్న పిల్లలున్నారు; ప్రాణాలే పోయినవారూ ఉన్నారు. దీనికి విరుగుడు అప్పటికే నెబ్రాస్కా రాష్ట్రంలోని నార్ఫోక్ పట్టణంలో ఒక చెప్పుల దుకాణం యజమాని వద్ద సిద్ధంగా ఉంది. ఆర్విల్ కార్లైల్ అనే ఆ పెద్దమనిషి, నమూనా విమానాల మీద ప్రీతిగల తన సోదరుడు రాబర్ట్ కోసం 1954లో ఒక చిన్న రాకెట్టును రూపొందించారు. గొట్టం కాగితం, మోటారు ప్రతిసారీ మార్చుకొనదగినది, దిగేటప్పుడు పారాచూట్ విచ్చుకుంటుంది. వైట్ శాండ్స్ క్షిపణి ప్రయోగ క్షేత్రంలో పనిచేసిన ఇంజనీరు జి. హారీ స్టైన్, పిల్లల ప్రమాదకర ప్రయోగాల గురించి రాసిన రచనలు చూసి కార్లైల్ ఆయనకు తన నమూనాలను పంపారు. వాటిని ఎగురవేసి చూసిన స్టైన్ 1957లోనే కిట్ల తయారీకి ఒక సంస్థను నెలకొల్పారు. నేషనల్ అసోసియేషన్ ఆఫ్ రాకెట్రీ పుట్టిందీ ఆ ఏడాదే. మోటార్లను వేగంగా, ఒకే తీరుగా తయారుచేసే యంత్రాన్ని నిర్మించిన వెర్నన్ ఎస్టెస్ 1958లో తన పేరిట సంస్థను ప్రారంభించి, 1961లో దానిని కొలరాడోలోని పెన్‌రోజ్‌కు తరలించారు.

ఆ సంఘం భద్రతా నియమావళిలో మొట్టమొదట వచ్చే రెండు నియమాలు ఈ చరిత్ర నుంచే పుట్టాయి. రాకెట్టు ముక్కు, గొట్టం, రెక్కలు లోహంతో చేయరాదు. మోటారును ఇంట తయారు చేయరాదు. పరీక్షకు నిలిచి ధ్రువీకరణ పొందినదానినే కొని వాడాలి. తక్కిన హస్తకౌశలమంతా పిల్లలది.

కొన్న మోటారు మీద ఏ3-4టీ వంటి గుర్తు అచ్చువేసి ఉంటుంది. ఇది చదవడం రాకపోతే మిగిలిన శ్రమ వృథా. ‘ఏ’ అనే అక్షరం మొత్తం ప్రచోదనాన్ని తెలుపుతుంది. ఏ తరగతికి గరిష్ఠం 2.5 న్యూటన్-సెకండ్లు, బీకి 5, సీకి 10. ఒక్కొక్క మెట్టుకు శక్తి రెట్టింపు. ‘3’ అంటే సగటు తోపుడు 3 న్యూటన్లు, అనగా సుమారు 300 గ్రాముల బరువును మోయగల బలం. మోటారుతో సహా 15 గ్రాములు తూగే రాకెట్టుకు అది తన బరువుకు ఇరవై రెట్లు. ‘4’ అంటే ఇంధనం కాలిపోయిన తరువాత నాలుగు సెకండ్ల విరామం. ఆ విరామంలో రాకెట్టు పొగ వదులుతూ తన ఊపుతోనే పైకి సాగుతుంది. ఆ పిదప ఒక చిన్న మందు ముందువైపు పేలి ముక్కును ఊడదీసి, పారాచూట్‌నో, రంగు కాగితపు పట్టీనో బయటికి నెడుతుంది. ‘టీ’ అంటే చిన్న పరిమాణం: వ్యాసం 13 మిల్లీమీటర్లు, పొడవు 45 మిల్లీమీటర్లు. లోపల ఉన్నది మన తారాజువ్వలోని నల్లమందు వంటిదే. దాని కింద మట్టితో చేసిన సన్నని మూతి. విరామం మరీ ఎక్కువైతే రాకెట్టు తలకిందులై నేలకు దూసుకువస్తుండగా పారాచూట్ విచ్చుకుంటుంది. మరీ తక్కువైతే ఇంకా వేగంగా పైకి పోతుండగానే విచ్చుకొని చిరుగుతుంది.

ఇక రెక్కల సంగతి. శ్రీహరికోట నుంచి లేచే పీఎస్ఎల్‌వీకి రెక్కలుండవు. అది ఏ క్షణాన ఎటు ఒరుగుతున్నదో యంత్రాలు కనిపెట్టి, వాయుజ్వాల దిశను మార్చి సరిదిద్దుతూ ఉంటాయి. బొమ్మ రాకెట్టుకు అటువంటి మెదడు లేదు. గాలే దానిని సరిదిద్దాలి. ఇందుకు రెండు బిందువులను గుర్తించాలి. రాకెట్టును వేలి మీద నిలిపితే ఎక్కడ సమంగా తూగుతుందో అది గురుత్వ కేంద్రం. పక్కనుంచి వీచే గాలి ఒత్తిడి అంతా ఏ చోట కేంద్రీకృతమైనట్లు పనిచేస్తుందో అది పీడన కేంద్రం. ఎగిరే రాకెట్టు గురుత్వ కేంద్రం చుట్టూ తిరుగుతుంది. పీడన కేంద్రం దానికి వెనుక ఉంటే, రాకెట్టు కాస్త ఒరిగినప్పుడల్లా గాలి తోకను నెట్టి ముక్కును మళ్లీ దారికి తెస్తుంది. గాలిపటానికి తోక ఉపకరించినట్లే. ముందు ఉంటే ఒరుగు మరింత పెరిగి, పుల్ల విరిగిన జువ్వ గతి పడుతుంది. రెండింటి మధ్య కనీసం గొట్టం వ్యాసమంత ఎడముండాలన్నది అనుభవజ్ఞుల నియమం. పీడన కేంద్రాన్ని లెక్కకట్టే సులభ పద్ధతిని జేమ్స్ బారోమన్ 1966లో ఈ అభిరుచి గలవారికి అందించారు.

చిన్న రాకెట్టులో ఈ ఎడం 14 మిల్లీమీటర్లే. పైగా రాకెట్టు కన్న దాని తోకలోని మోటారే బరువు. అందుచేత తూచి చూడవలసింది ఖాళీ రాకెట్టును కాదు, మోటారు దూర్చిన రాకెట్టును. అనుమానమున్నచో సమతూకపు చోట దారం కట్టి తల చుట్టూ తిప్పి చూడవచ్చు. ముక్కు ముందుకు చూపుతూ తిరిగితే మంచిది. పక్కకో వెనుకకో తిరిగితే ముక్కు లోపల కొద్దిగా మైనపు మట్టి అదమాలి.

రెక్కలు సాధారణంగా బాల్సా కొయ్యవి. దక్షిణ అమెరికాలో పెరిగే ఈ చెట్టు మన బూరుగుకు దాయాది, తేలికదనంలో సాటిలేనిది. దానిని కోసేటప్పుడు కొయ్య ఈనెలు రెక్క ముందు అంచుకు సమాంతరంగా సాగేటట్లు చూడాలి. అడ్డంగా కోసిన రెక్క మొదటి దిగుడులోనే పుటుక్కున విరుగుతుంది. మూడు రెక్కలు చాలు. నాలుగోది బరువునూ గాలి నిరోధాన్నీ పెంచడానికే. గొట్టం మీద నిలువు గీత తిన్నగా గీయడానికి ఖరీదైన సాధనమేదీ అక్కరలేదు. తలుపు ద్వారబంధం మూలలో గొట్టాన్ని ఆనించి, ఆ అంచు వెంట పెన్సిలు నడిపితే సరి. అతికేటప్పుడు రెక్క అంచుకు జిగురు పూసి ఆరనిచ్చి, మళ్లీ పలుచగా పూసి గొట్టానికి ఒత్తాలి. ఇలా రెండు పూతలతో అతికినది గట్టిగానూ, త్వరగానూ పట్టుకుంటుంది. ఆరిన పిదప రెక్క మొదట్లో ఇరువైపులా జిగురును వేలితో సన్నని పుటాకారపు గట్టుగా దిద్దాలి. బలం కోసమే కాదు, గాలి సాఫీగా జారిపోవడానికి కూడా. ఒకేసారి మందంగా పోస్తే ఆరేటప్పుడు ముడుచుకొని కాగితపు గొట్టాన్ని లోపలికి లాగుతుంది.

కొత్తవారిని ఎక్కువగా ఏడిపించేది మాత్రం రెక్క కాదు, గొట్టంలోని చిన్న ఉంగరం. మోటారు ముందుకు జరిగిపోకుండా లోపల ఒక కాగితపు ఉంగరాన్ని అతికించాలి. పసుపుపచ్చని కొయ్యజిగురు ఇరుకు గొట్టంలో క్షణాలలో పట్టేస్తుంది. ఉంగరాన్ని నెడుతూ మధ్యలో ఊపిరి పీల్చుకోవడానికి ఆగితే అది అక్కడే బిగుసుకుంటుంది. ఆ రాకెట్టులో ఇక మోటారు పట్టదు. కాలిపోయిన పాత మోటారు మీద ముందుగానే గుర్తు గీసి, దానితో ఉంగరాన్ని ఒక్క నెట్టుతో లోపలికి పంపి, వెంటనే వెనక్కు తీసివేయాలి. తీయడం మరచితే అదీ అతుక్కుపోతుంది.

మెరుగు పెట్టడం అలంకారమేనని అనుకోవడం సరికాదు. 14 మిల్లీమీటర్ల వ్యాసం గల రాకెట్టు సెకండుకు 100 మీటర్ల వేగంతో పోతున్నదనుకొందాం. రెక్కల అంచులు చదరంగా, ఒళ్లంతా గరుకుగా ఉన్నదాని గాలి నిరోధ గుణకం 0.75 అయితే, గాలి వెనక్కు లాగే బలం సుమారు 0.7 న్యూటన్లవుతుంది. నునుపు చేసి గుణకాన్ని 0.4కు తగ్గించగలిగితే అది 0.37 న్యూటన్లు. 15 గ్రాముల రాకెట్టు బరువు 0.15 న్యూటన్లు మాత్రమే. అంటే ఆ వేగంలో దానికి భూమ్యాకర్షణ కన్న గాలే పెద్ద శత్రువు. రెక్క ముందు అంచును గుండ్రంగానూ, వెనుక అంచును కత్తివాదర వలె సన్నగానూ శాండ్ పేపరుతో అరగదీయడం వల్ల కలిగే లాభం ఏ రంగువల్లా కలగదు. అయితే ఈ పని రెక్కలను అతికించక ముందే చేయాలి.

తరువాత కొయ్య రంధ్రాలను పూడ్చాలి. కొండపల్లి బొమ్మలు చేసేవారు తెల్లపొణికి కొయ్యను చెక్కి, చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకులు కప్పి నునుపుచేసి, తెల్లని పూత పూసి, ఆ మీద రంగులు దిద్దుతారు. రాకెట్టుకు జరిగేదీ అచ్చంగా ఇదే. దుకాణంలో దొరికే కొయ్యమక్కును నీటితో మజ్జిగ చిక్కదనానికి కలిపి కుంచెతో రెక్కలకూ ముక్కుకూ పూసి, ఆరినాక 220 నంబరు, ఆ పిదప 400 నంబరు శాండ్ పేపరుతో రుద్దాలి. తడికి పలుచని రెక్క వంగుతుంది కనుక రెండు వైపులా ఒకేసారి పూయాలి. రుద్దగా రుద్దగా మక్కు దాదాపు అంతా ధూళిగా రాలిపోయి, రంధ్రాలలో మాత్రమే మిగులుతుంది. గొట్టం మీద మెలిక తిరిగిన సన్నని గాడి కనిపిస్తుంది. అది కాగితపు పట్టీలు చుట్టిన చోటు. దానిలోనూ మక్కు నింపాలి. ఈ దశలో తొందరపడినవారి రాకెట్టుకు ఎంత ఖరీదైన రంగు వేసినా కొయ్య ఈనెలు కనిపిస్తూనే ఉంటాయి.

ఆపైన ప్రైమరు. దానినీ చాలా భాగం రుద్దివేయాలి. పిదప తెల్లరంగు, ఆ మీద లేత రంగు, చివరగా ముదురు రంగు. స్ప్రే డబ్బాను ఒక అడుగు దూరాన పట్టి, మంచు కురిసినట్లు పలుచని పూతలు రెండు మూడు వేస్తే చాలు. మందంగా వేసిన రంగు కారుతుంది. బరువూ తోకలోనే చేరి గురుత్వ కేంద్రాన్ని వెనక్కు లాగుతుంది. ఒక జాతి రంగు మీద మరో జాతి రంగు, ముఖ్యంగా ఎనామెల్ మీద లాకర్, వేస్తే పూత ముడుతలు పడుతుంది. హ్యూస్టన్ వంటి తేమ ప్రాంతాలలో వాన ముసురునాడు వేసిన పూత పాలు ఒలికినట్లు తెల్లబారుతుంది. ఎండ పొడిగా కాసే రోజుకై ఆగడం మేలు. ఇంటి లోపల స్ప్రే చేయరాదు. ఈ పనీ, కత్తితో కోసే పనీ పెద్దల సమక్షంలోనే జరగాలి. నీళ్లలో నానబెట్టి జార్చి అంటించే బొమ్మలూ అక్షరాలూ చివరన.

రంగు ఎంపికలో అందం కన్న ఆకాశాన్ని తలచుకోవాలి. తెలుపూ వెండిరంగూ మబ్బులలో కలిసిపోతాయి. ఆకుపచ్చ గడ్డిలో దాక్కుంటుంది. నలుపు పైకి పోయేటప్పుడు బాగా కనిపిస్తుంది. కాషాయం కలిసిన మెరుపు ఎరుపు నేల మీద దొరుకుతుంది. అరచేతిలో పట్టే రాకెట్టు వందల అడుగుల ఎత్తుకు కన్నుమూసి తెరిచేలోగా పోతుంది. ఎన్నో రోజులు మెరుగు పెట్టిన బొమ్మ మొదటి ప్రయోగంలోనే కనబడకపోవడం పిల్లవానికి చిన్న దుఃఖం కాదు. అందువల్ల మొదటిసారి మిక్కిలి తక్కువ శక్తిగల మోటారునే వాడాలి. అర ఏ, పావు ఏ తరగతులున్నది ఇందుకే.

ప్రయోగానికి విశాలమైన మైదానం, విద్యుత్తుతో వెలిగించే సాధనం, రాకెట్టుకు దారి చూపే సన్నని కడ్డీ కావాలి. ఈ చిన్న మోటార్లకు కనీసం 15 అడుగుల దూరాన నిలబడాలి. మీట నొక్కినా వెలగకపోతే భద్రతా తాళాన్ని తీసివేసి, ఒక నిమిషం ఆగి, అప్పుడు దగ్గరకు పోవాలి. గాలి గంటకు 20 మైళ్లు మించినప్పుడు ఎగురవేయరాదు. విద్యుత్ తీగల మీద చిక్కుకున్న రాకెట్టు మీద ఆశ వదులుకోవాలి. ఊరూరికీ అగ్నిమాపక నిబంధనలు వేరు కనుక ముందుగా విచారించడం అవసరం.

వేసవి సెలవులకు ఇండియా వెళ్లే కుటుంబాలు అక్కడి మేనల్లుళ్లకు ఈ కిట్లను కానుకగా పట్టుకుపోవాలని ముచ్చటపడుతుంటాయి. కిట్టు తీసుకుపోవచ్చు. మోటార్లనూ, వాటిని వెలిగించే తీగలనూ మాత్రం విమానంలో చేతిసంచిలోనూ, పెట్టెలోనూ తీసుకుపోరాదు. అవి నిషిద్ధ వస్తువులు. పెట్టె సర్దేముందే వాటిని వేరుచేసి ఇంటనే ఉంచాలి.