ఒక మగపక్షి తప్పితే రెండు తప్పినట్టే

1999లో 3,530. 2017 వానాకాలం లెక్క తేలేసరికి 700 లోపే. గడ్డిభూముల్లో బతికే నేలనెమలి అనే పక్షి సంఖ్య దాదాపు 80 శాతం తగ్గిపోయింది. 2021లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని అంతరించిపోయే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జాతుల్లో చేర్చింది.

ఈ లెక్క తీయడమే ఒక పరీక్ష. గడ్డిలో నక్కి తిరిగే ఆడపక్షి కంటపడదు. మగది మాత్రం జతకట్టే కాలంలో, అంటే జులై నుంచి సెప్టెంబరు దాకా, తనే బయటపడుతుంది. నల్లగా నిగనిగలాడుతూ గడ్డిలోంచి నిటారుగా మనిషెత్తు గెంతి, రెక్కలు టపటపలాడించి, దాదాపు అక్కడే దిగుతుంది. రోజుకు 500 గంతుల దాకా వేస్తుంది. పగలు పన్నెండు గంటలనుకుంటే సగటున నిమిషంన్నరకు ఒకటి. ఈ సగటును నమ్ముకోకూడదు. గంతులన్నీ ఎక్కువగా పొద్దున, సాయంత్రమే. మబ్బు పడితే ఇంకొంచెం ఎక్కువ. ఎండెక్కాక పది నిమిషాలు చూసి ‘లేదు’ అని రాసేస్తే ఉన్న పక్షి లెక్కలోంచి జారిపోతుంది.

జారేది ఒక్కటే కాదు. మగవి ఎన్నో ఆడవీ అన్నే అనుకుని రెట్టింపు చేయడం ఈ అంచనాల్లో వాడుక. ఐదు మగపక్షులు తప్పితే పది మాయం. అందుకే ఓపికగా కూర్చునే స్వచ్ఛంద పరిశీలకులు కావాలి. కాలం మూడు నెలలే. చూడాల్సిన నేలేమో గుజరాత్‌లోని వెలావదర్, మధ్యప్రదేశ్‌లోని సైలానా గడ్డిభూముల నుంచి రాజస్థాన్‌లో అజ్మీర్ చుట్టూ ఉన్న పెసర, మినుము, జొన్న చేల దాకా పరచుకుంది. అటవీ సిబ్బంది వల్ల మాత్రమే అయ్యే పని కాదు.

ఒక్క ఏడాది చూసి తీర్పు చెప్పడమూ కుదరదు. 1982లో 4,374 ఉన్న అంచనా 1989కి 1,672కి పడింది. మధ్యలో గుజరాత్‌ను వరుస కరువులు పీడించాయి. 1994లో 2,206కి లేచింది. వానతో ఊగే ఊపేదో, నేల పోవడంవల్ల వచ్చిన పతనమేదో తెలియాలంటే అదే చోటును ఏటా చూడాలి.

అలా చూడగల చోటు మనకూ ఉంది: ఆంధ్రప్రదేశ్‌లోని రోళ్లపాడు అభయారణ్యం. 614 హెక్టార్లు, 1988లో ప్రకటించారు. బట్టమేకపిట్టతో పాటు నేలనెమలీ అక్కడ నమోదైంది. వానాకాలంలో అటు వెళ్లేవారు గట్టు దిగకుండా, డ్రోన్ ఎగరేయకుండా, పక్షి కూతల రికార్డింగ్ వినిపించకుండా చూడాలి. సమయం, మబ్బు, గడ్డి ఎత్తు రాయాలి. ఏమీ కనిపించకపోతే సున్నా అని రాసి అటవీ శాఖకు ఇవ్వాలి. గూడు కనబడితే ఆ చోటు ఫేస్‌బుక్‌లో పెట్టొద్దు.