రెండు చుక్కలు తెలిస్తే చాలు

బటన్ నొక్కితే కోరిన గ్రహం వైపు తనే తిరిగే టెలిస్కోపులు ఇప్పుడు కొన్ని కాలేజీల్లో ఉన్నాయి. గొట్టాన్ని మోసే పీఠాన్ని మౌంట్ అంటారు. అందులో రెండు మోటార్లుంటాయి. ఒకటి పక్కలకు, రెండోది పైకీ కిందికీ తిప్పుతుంది. చేతిలో రిమోట్ లాంటి పెట్టె. దాన్ని ముట్టుకోవాలంటే హాస్టల్ పిల్లలం మనం జంకుతాం. కానీ స్విచ్ వేసిన క్షణాన తాను ఎటు చూస్తోందో ఆ యంత్రానికి తెలియదు. చెప్పాల్సింది మనమే.

పగటి పని: గట్టి నేల మీద స్టాండు నిలిపి, మేస్త్రీలు వాడే రసమట్టంతో మట్టం చూడాలి. దూరపు సెల్ టవర్ కొనను టెలిస్కోపులో మధ్యకు తెచ్చి, పైనున్న చిన్న ఫైండర్‌లోనూ మధ్యకే వచ్చేలా మరలు తిప్పాలి. సూర్యుడి వైపు మాత్రం తిప్పకూడదు, కళ్లు పోతాయి.

రాత్రి పని: జీపీఎస్ లేకపోతే ఊరు, తేదీ, టైము మనమే ఇవ్వాలి. హైదరాబాదుకు ఉత్తర అక్షాంశం 17.4, తూర్పు రేఖాంశం 78.5 డిగ్రీలు. టైమ్ జోన్ 5.30 కలపాలి. డేలైట్ సేవింగ్ మనకు లేదు. చాలా పెట్టెల్లో నెల ముందు, తేదీ తర్వాత కొట్టాలి. భూమి గంటకు 15 డిగ్రీలు తిరుగుతుంది కాబట్టి, గంట తప్పితే లెక్కలో ఆకాశం 15 డిగ్రీలు జరిగిపోతుంది.

తర్వాత రెండు నక్షత్రాలు చూపాలి. పెట్టెలో ఆల్డెబరాన్, రెగ్యులస్ అని ఉంటాయి. పేర్లు చూసి బెదరవద్దు. అవి మన రోహిణి, మఖ. అమ్మానాన్నలు వ్యవసాయంలో తలచుకునే కార్తెల పేర్లే ఇవి. సూర్యుడు రోహిణి దగ్గరుండే రోజులే రోహిణి కార్తె. అందుకే ఆ రోజుల్లో ఆ చుక్క రాత్రి కనబడదు.

మార్చి రెండో వారంలో రాత్రి 8 గంటలకు ఎర్రటి రోహిణి పడమటి వైపు, తెల్లటి మఖ తూర్పు వైపు ఉంటాయి. ఇలా దూరంగా ఉన్నవే మేలు. నడినెత్తిన ఉన్నవీ, దిగంతాన్ని ఆనుకున్నవీ వద్దు. ఒక్కోదాన్ని ముందు ఫైండర్‌లో, తర్వాత కంటికటకంలో మధ్యకు తెచ్చి బటన్ నొక్కాలి. చివర్లో పైబాణం, కుడిబాణం మాత్రమే వాడితే పళ్లచక్రాల వదులు వల్ల గురి చెడదు.

ఒక్క చుక్కతో పీఠం వాలు తేలదు. రెండోది చూపగానే యంత్రం తాను తిరిగిన కోణాన్ని తన లెక్కతో పోల్చుకుంటుంది. సరిపోతే ఆకాశమంతా దాని చేతికి చిక్కినట్టే. ఓరియన్ నెబ్యులా అడగండి, సుమారు 1,300 కాంతి సంవత్సరాల దూరంలోని ఆ వెలుగు మబ్బును చూపుతుంది. మోటార్లు భూభ్రమణానికి తగ్గట్టు తిరుగుతూ దాన్ని జారిపోనివ్వవు. స్టాండును కాలు తగిలి కదిలినా, బ్యాటరీ అయిపోయినా మళ్లీ మొదటికే.

మిత్రులారా! వేల చుక్కలు గుర్తున్న యంత్రానికీ మొదటి రెండు చుక్కలు చూపే మనిషి కావాలి. ఆ మనిషి మనలో ఎవరైనా కావచ్చు. మేలో రాత్రి 9 గంటలకు పడమట మఖ, తూర్పున స్వాతి ఉంటాయి. హాస్టల్ డాబా మీద నుంచి వాటిని గుర్తుపట్టడం ఈ వేసవిలోనే నేర్చుకుందాం. రేపు ఏ కాలేజీలో టెలిస్కోప్ ఎదురైనా వెనుక వరుసలో నిలబడనక్కర లేదు.