ఒకటేనా, వేరా? మీ చిన్నారి నేర్చుకునే తొలి పాఠం



నర్సరీ, ఎల్‌కేజీ పిల్లల వర్క్‌షీట్లలో ‘ఒకేలా ఉన్నవాటిని జతపరచండి’, ‘వేరుగా ఉన్నదానికి సున్నా చుట్టండి’ అన్నవి తరచూ కనిపిస్తాయి. ‘ఇంత ఫీజు కట్టి పంపితే బొమ్మలు జతపరచడమేనా? అక్షరాలు ఎప్పుడు మొదలుపెడతారు?’ అని చాలామంది అడుగుతుంటారు. అడగవలసిన ప్రశ్నే. అక్షరాలు గుర్తుపట్టడం, మాటల్లోని శబ్దాలను విడదీసి వినడం, లెక్కపెట్టడం - ఈ మూడింటికీ పునాది పోలికను, తేడాను పట్టుకోవడమే. ‘ప’కూ ‘వ’కూ తేడా కంటికి ఆనని పిల్లవాడి చేత పదిసార్లు దిద్దిస్తే చేతికి అలవాటవుతుందే తప్ప అక్షరం గుర్తుండదు. 2022లో వచ్చిన ఫౌండేషనల్ స్టేజ్ జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం కూడా 3 నుంచి 8 ఏళ్ల వయసును ఒకే దశగా తీసుకుని ఆటకూ, చేత్తో పట్టుకుని చూసే వస్తువులకూ పెద్దపీట వేసింది.

పిల్లి ఎటు తిరిగినా పిల్లే, మరి అక్షరం?

యూకేజీ తల్లిదండ్రుల నుంచి మేము ఎక్కువగా వినే మాట: ‘మా వాడు ఇంగ్లిష్ చిన్న బడిలో ‘బి’ రాయమంటే ‘డి’ రాస్తున్నాడండీ.’ ఇది అజాగ్రత్త కాదు. పుట్టినప్పటి నుంచి పిల్లలు నేర్చుకున్నది ఏమిటి? పిల్లి అటు తిరిగి కూర్చున్నా, ఇటు తిరిగి కూర్చున్నా పిల్లే. చెంచాను ఎలా తిప్పి పెట్టినా చెంచానే. దిక్కు మారినంత మాత్రాన వస్తువు పేరు మారదు. ఆ నియమం అక్షరాల దగ్గర మొదటిసారి తప్పుతుంది. అదే గీత, అదే సున్నా. ఒకవైపు ఉంటే ‘బి’, ఇంకోవైపు ఉంటే ‘డి’, కిందికి దిగితే ‘పి’. కొత్త నియమానికి అలవాటు పడడానికి సమయం పడుతుంది. ఏడేళ్ల వరకు ఇలా తిరగేసి రాయడం చాలామంది పిల్లల్లో కనిపిస్తుంది.

తెలుగు అక్షరాల్లో చిక్కు వేరే చోట ఉంది. ఇక్కడ తిరగేసిన జతలు తక్కువ, చిన్న గుర్తులు ఎక్కువ. ‘ర’ పొట్టలో చుక్క పెడితే ‘ఠ’. ‘ద’ కింద గీత పెడితే ‘ధ’, దాని లోపల చుక్క కూడా పెడితే ‘థ’. ‘ప’లో తలకట్టు విడిగా ఉంటుంది, ‘వ’లో అతుక్కుని ఉంటుంది. అందుకే రాయించే ముందు చూపించండి. ఒకసారికి రెండే అక్షరాలు పక్కపక్కన పెట్టి, ‘ఈ రెండింటిలో తేడా ఎక్కడుందో వేలు పెట్టి చూపించు’ అనండి. తేడాను తానే కనిపెట్టిన పిల్లలకు దాన్ని మళ్లీ మళ్లీ గుర్తుచేయాల్సిన అవసరం అంతగా ఉండదు.

‘అదే’ వేరు, ‘అలాంటిదే’ వేరు

తరగతిలో టీచర్ ‘సేమ్’ అనే ఒక్క మాట వాడతారు. తెలుగులో మనకు రెండు మాటలున్నాయి. నిన్న ఎక్కిన బస్సే ఈరోజూ వస్తే ‘అదే బస్సు’. అదే రంగులో ఇంకో బస్సు వస్తే ‘అలాంటి బస్సు’. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలకు ఇది మంచి సాయం. ‘ఇది నీ గ్లాసేనా, నీ గ్లాసు లాంటిదా?’ అని మామూలుగా అడుగుతూ ఉండండి. తరగతిలో ఇంగ్లిష్ మాట ఎదురైనప్పుడు దాని అర్థం పిల్లలకు ముందే తెలిసి ఉంటుంది.

ఇక మూడోది ‘సమానం’. రెండు ఒకే రకం గ్లాసుల్లో సమానంగా పాలు పోసి, ఒకదాన్ని సన్నటి పొడవాటి గ్లాసులోకి పిల్లల కళ్ల ముందే ఒంపండి. ‘ఇందులోనే ఎక్కువున్నాయి’ అంటారు చాలామంది చిన్న పిల్లలు. స్విట్జర్లాండ్ మనోవిజ్ఞాన శాస్త్రవేత్త జాన్ పియాజే వివరించిన ప్రసిద్ధ పరీక్ష ఇది. సాధారణంగా ఏడేళ్ల ప్రాంతంలో ఈ అవగాహన స్థిరపడుతుంది. అంతవరకు వాదించి ఒప్పించనక్కర్లేదు. అన్నకూ చెల్లికీ ఒకే రకం గ్లాసుల్లో పోస్తే ఇల్లు కూడా ప్రశాంతంగా ఉంటుంది!

ఏ వరుసలో నేర్పాలి?

1907లో రోమ్‌లో తన మొదటి బాలల బడి తెరిచి, 1939లో మద్రాసు వచ్చి ఇక్కడి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చిన మరియా మాంటిస్సోరి పద్ధతిలో ఒక మంచి సూత్రం ఉంది: వస్తువులన్నీ అన్ని విధాలా ఒకేలా ఉండి, ఒక్క గుణంలోనే తేడా ఉండాలి. పరిమాణం నేర్పేటప్పుడు రంగు మారకూడదు. ఎర్ర చిన్న బంతి, నీలం పెద్ద బంతి ఇస్తే పిల్లవాడు దేన్ని చూసి జవాబు చెప్పాడో మనకు తెలియదు.

మాట నేర్పడానికి మూడు మెట్లు:

1. పేరు చెప్పండి: ‘ఇది గరుకు. ఇది నునుపు.’
2. చూపించమనండి: ‘నునుపుగా ఉన్నది ఏది?’
3. అడగండి: ‘ఇది ఎలా ఉంది?’

మూడో మెట్టు దగ్గర తడబడితే కోప్పడకుండా రెండో మెట్టుకు వెళ్లండి. చాలాసార్లు మనం నేరుగా మూడో మెట్టు మీదే మొదలుపెడతాం.

ఈ నెల ఇంట్లో చేయదగినవి

• ఉతికిన సాక్సులు జత చేయించండి. మొదట రంగు, తర్వాత పరిమాణం.

• ఎడమ, కుడి చెప్పులు పక్కపక్కన పెట్టి పోల్చమనండి. ‘బి’, ‘డి’ల మధ్య తేడా కూడా ఇలాంటిదే.

• యూకేజీ పిల్లలకు కందిపప్పు, పెసరపప్పు కలిపి ఏరమనండి. అది తేలికైతే కందిపప్పు, శనగపప్పు ఇవ్వండి. పెద్దలకే ఒక్కోసారి తడబాటు! మూడేళ్లలోపు పిల్లలకు గింజలు వద్దు. నోట్లో, ముక్కులో పెట్టుకుంటారు. పెద్ద పిల్లలైనా మీరు పక్కనే ఉండండి.

• అన్నం తినిపించేటప్పుడు మాటల జతలు చెప్పండి: ‘పిల్ల - పిల్లి’, ‘మేక - మేకు’, ‘ఆవు - ఆకు’. ఏ శబ్దం మారిందో అడగండి.

• జవాబు తప్పైతే ‘కాదు’ అనే ముందు ‘ఎందుకలా అనుకున్నావు?’ అనండి. అరటిపండు, నిమ్మకాయ ఒకటే అన్న పాప రంగును చూసి చెప్పి ఉండవచ్చు. అది తప్పు కాదు, ఆమె ఎంచుకున్న పోలిక.

టీచర్‌తో ఎప్పుడు మాట్లాడాలి?

ఎరుపు, ఆకుపచ్చ వస్తువులను పదేపదే ఒకే కుప్పలో వేస్తుంటే శ్రద్ధ లేదని తిట్టకండి. వర్ణాంధత ఉందేమో కంటి డాక్టరుకు చూపించండి. ఇది మగపిల్లల్లో ఎక్కువ. దగ్గరి శబ్దాల మధ్య తేడా అస్సలు పట్టుకోలేకపోతే వినికిడి పరీక్ష చేయించండి. ఎనిమిదేళ్లు దాటినా అక్షరాలు తిరగేస్తూ, చదవడంలోనూ బాగా వెనకబడుతుంటే నిపుణుల సలహా అవసరం. ఐదేళ్ల పిల్లవాడు ‘బి’కి బదులు ‘డి’ రాశాడని మాత్రం ఏ ముద్రా వేయకండి, ఎదురింటి పిల్లతో పోల్చకండి. వయసు ఒకటే అయినా ఇద్దరి వేగం ఒకటి కానక్కర్లేదు.

వచ్చే పీటీఎంకు వచ్చేటప్పుడు మీ చిన్నారి ఇంట్లో వేటిని ‘ఒకటే’ అంటున్నారో, ఏ జతల దగ్గర తడబడుతున్నారో డైరీలో నాలుగు మాటలు రాసి తెండి. తరగతిలో ఏ జత నుంచి మొదలుపెట్టాలో టీచర్ దాన్ని చూసి నిర్ణయిస్తారు.